కంపవాతము – అలవాటులపై నింద

మన గ్రామములలో పెద్దవాని చేయి వణకుట కంటబడినచో చూచువారికి రెండే కారణములు తోచును. ఒకటి వయస్సు, రెండవది కల్లు. మొదటిది తోచినవారు జాలిపడి ఊరకుందురు. రెండవది తోచినవారు నవ్వుదురు. ఈ నవ్వెడివారిలో ఒకప్పుడు మేమును ఉంటిమి గనుకనే యీ వ్యాసము వ్రాయవలసి వచ్చినది.

కొన్ని యేండ్ల క్రిందట ఎర్రుపాలెములో మద్యపాన నిరసన సభ యొకటి జరిగెను. మాటలాడవలసిన వారిలో మేమొకరము. ఉపన్యాసము రక్తి కట్టవలెనను ఉబలాటమున మా కుడిచేతిని ముందుకు చాచి, గడగడ వణకించి, త్రాగుబోతు సంతకము చేయునప్పుడు ఇట్లుండునని చూపితిమి. సభవారు నవ్విరి. రెండవ వరుసలో, మాకు చిన్ననాట చదువు చెప్పిన పంతులుగారు కూర్చుండియుండిరి. ఆయన నవ్వలేదు. భుజముమీది కండువా తీసి ఒడిలో పరచుకొని, కుడిచేతిని మెల్లగా దాని క్రిందికి పోనిచ్చిరి. మేమా పనిని వేదికమీదనుండి చూచితిమి, గాని దాని యర్థము గ్రహింపలేదు. ఆయన తమ జన్మములో కల్లు ముంతను తాకినవారు కారు. ఆయనకు వచ్చినది పార్కిన్సన్ వ్యాధియని ఖమ్మములోని వైద్యులు చెప్పినట్లు మాకు తరువాత తెలిసినది.

అలవాటులవలన వ్యాధి కలుగునను భావము మనకు క్రొత్తది కాదు. ఆయుర్వేదమున ప్రజ్ఞాపరాధమని యొక మాట కలదు. బుద్ధి తప్పి తనకు తాను చేసికొన్న కీడు అని దాని తాత్పర్యము. రాత్రి జాగరణము, ఉపవాసము, మితిమీరిన శ్రమ, దుఃఖము వాతమును ప్రకోపింపజేయునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. కర్మవిపాక గ్రంథములు అంతటితో నిలువక, ఈ జన్మములో తప్పు దొరకని రోగికి పూర్వజన్మపు తప్పునైనను వెదకి పెట్టును. రోగమును మోయుటయే కాక రోగి దానికి సంజాయిషీ కూడ చెప్పుకొనవలెను!

అయినను చూచినది చూచినట్లు వ్రాసిపెట్టిన వైద్యులు మన తెలుగుదేశమునందే కలరు. బసవరాజీయము పూర్వము మన వైద్యుల యిండ్లలో తాళపత్రములపై వెలసిన గ్రంథము. సంస్కృత శ్లోకములతోను తెలుగు మాటలతోను కూడినది. అందు కంపవాతమునకు చెప్పిన లక్షణములు చిన్న శ్లోకములో ఇమిడియున్నవి: కాలుచేతుల వణకు, దేహమునందు తిరుగుడు, బాధ, నిద్రాభంగము, మతి క్షీణించుట. బసవరాజు చెప్పిన కంపవాతమును నేటి పార్కిన్సన్ వ్యాధియు అక్షరాల ఒక్కటేయని మేము వాదింపము; పూర్వులు వణకులన్నిటిని ఒక్క గంపలో వేసియుండవచ్చును. కాని వణకుతోబాటు నిద్రను, మతిని గూడ లెక్కలోనికి తెచ్చిన ఆ చూపును మాత్రము మరువరాదు. దాని విలువ మున్ముందు తెలియగలదు.

ఇక 1817వ సంవత్సరమునకు వత్తము. లండను నగరపు శివారైన హాక్స్టనులో జేమ్సు పార్కిన్సన్ అను వైద్యుడు డెబ్బది పుటలైనను నిండని చిన్న పుస్తకమొకటి ప్రకటించెను. అప్పటికాయనకు అరువదిరెండేండ్లు. ఆయన కేవల వైద్యుడు కాడు. పార్లమెంటు సంస్కరణము కోరుచు మాఱుపేరుతో కరపత్రములు వ్రాసినవాడు. రాజును చంపుటకు కుట్ర జరిగినదను అభియోగము వచ్చినప్పుడు 1794లో ప్రీవీ కౌన్సిలు ఎదుట నిలిచి ప్రశ్నలకు జవాబు చెప్పినవాడు. శిలాజములనుగూర్చి మూడు సంపుటముల గ్రంథము రచించినవాడు. అట్టి మనిషికి ఎదుటివానిపై నింద మోపుటకంటె ఎదుటివానిని పరికించుట యెక్కువ ప్రియమైనదని ఆ చిన్న పుస్తకము చదివినవారికి తెలియును.

ఆ పుస్తకమునకు ఆధారము ఆఱుగురు రోగులు. అందిరువురిని ఆయన వీథిలో చూచి పలుకరించెను. మఱియొకనిని దూరమునుండి చూచెను. తక్కినవారిలో కొందఱిని, నీకిది యెందువలన వచ్చినదని తలచుచున్నావని అడిగినట్లున్నది. మొదటివాడు ఏబది దాటిన తోటమాలి, మిక్కిలి నియమముగా బ్రదికినవాడు. కొన్ని దినములు ఆ చేతితో బరువైన పని చేయుటవలన వచ్చినదని అతని యూహ. రెండవవాడు అరువదిరెండేండ్లవాడు. నా నడవడి సరిగా లేదు, సారాయి త్రాగితిని, అందువలన వచ్చినదని చెప్పుకొనెను. మూడవవాడు నావికుడు. స్పెయినుదేశపు చెఱలో నెలలతరబడి తడినేలపై పండుకొనుటయే కారణమనెను. ఆఱవవాడు డెబ్బదిరెండేండ్ల పెద్దమనిషి. మితముగా బ్రదికితిని, నాకేమియు కారణము తోచదు, వయస్సు కాబోలునని యనెను.

ఈ నాలుగు జవాబులను ప్రక్కప్రక్కను పెట్టి చూడుడు. త్రాగినవానికిని వచ్చినది, త్రాగనివానికిని వచ్చినది. పార్కిన్సన్ ఇందులో ఒక్క జవాబునైనను పట్టుకొని తీర్పు చెప్పలేదు. వెన్నుపాము పైభాగమున ఏదో చెడియుండునని మాత్రమూహించెను. ఆ యూహ సరికాదని తరువాత తేలినను, రోగి నడవడిని విడిచి రోగి శరీరమువైపు తిరిగిన ఆ చూపు సరియైనదే. రోగుల మలబద్ధమును గూడ ఆయన గుర్తించి వ్రాసెను. దానికి దాదాపు రెండు వందల యేండ్లు ఎవరును ప్రాముఖ్యమీయలేదు.

తరువాత పారిసునగరపు సాల్పెట్రియేరు వైద్యశాలలో షార్కో అను మహావైద్యుడు ఈ వ్యాధికి పార్కిన్సన్ పేరు పెట్టెను. అందఱు రోగులును వణకరనియు, బిగుసుకొనిపోవుటయు మందగించుటయు ముఖ్యలక్షణములనియు స్పష్టపరచెను. అయితే కారణములకడకు వచ్చునప్పటికి ఆయనయు తడి, చలి, భయము, శోకము అనియే చెప్పెను. 1919లో ట్రెట్యాకోఫ్ అను పరిశోధకుడు ఈ రోగుల మెదడులో నల్లపదార్థమను భాగము క్షీణించుచున్నదని చూపెను. 1960లో వియన్నా నగరమున హార్నికీవిచ్, ఎహ్రింగర్ అను ఇరువురు ఆ రోగుల మెదడునందు డోపమీను అను ద్రవ్యము తగ్గిపోయినదని కనుగొనిరి. ఎక్కడ చెడినదో తెలిసినది. ఎందుకు చెడినదో తెలియలేదు.

ఇక్కడ ఒక చిన్న ప్రసంగాంతరమునకు చదువరులు మన్నింతురుగాక. మా ఎర్రుపాలెమునుండి ఉత్తరముగా భద్రాచలపు అడవులవైపు పోవుచున్నకొలది కంచెలమీద దూలగొండి తీగె కనబడును. దాని కాయలమీది నూగు తగిలిన దురద యెట్టిదో బడిపిల్లలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. సంస్కృతమున దీనికే కపికచ్ఛువని పేరు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయనశాలలో దామోదరన్, రామస్వామి అనువారు ఈ గింజలనుండి ఎల్-డోపా అను పదార్థమును వేఱుచేసిరి. అది యెందుకు పనికివచ్చునో అప్పటికి లోకమున కెవరికిని తెలియదు. శరీరములో డోపమీనుగా మాఱునది యదియే. 1961లో వియన్నాలో దానిని రోగులకు సూదితో ఎక్కించి, మంచము పట్టినవారు లేచి నడచుట చూచిరి. నేటికిని ఈ వ్యాధికి ప్రధానౌషధమదియే. ఇది చదివి కంచెమీది కాయలు కోసి నూరుకొనుట మాత్రము కూడదు. గింజ గింజకును ఆ పదార్థపు పాలు మాఱును. మోతాదు తప్పినచో వాంతులు, భ్రమలు కలుగును. మందు వ్యాధి లక్షణములను తగ్గించునే గాని, వ్యాధి యేల వచ్చినదను ప్రశ్నకు జవాబు చెప్పదు.

ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు గణాంకశాస్త్రజ్ఞులు రంగమునకు వచ్చిరి. అక్కడ సంస్కరణవాదులమైన మనకు ఒక చిక్కు వచ్చిపడినది.

మన పూర్వులైన సంస్కర్తలు కల్లుతోబాటు చుట్టను, కాఫీని గూడ దుష్టత్రయముగ భావించి తిట్టిరి. 1942లో ఆగాఖాన్ భవనమున నిర్బంధములో నుండి మహాత్ముడు వ్రాసిన ఆరోగ్యగ్రంథమునందు తేనీరు, కాఫీ, పొగాకు అన్నియు నిషిద్ధములే. గోదావరి లంకల చుట్టయైనను, అడవి తునికాకు బీడీయైనను మనకొక్కటే పాపము. ఇట్లుండగా 1966లో అమెరికాదేశపు పూర్వసైనికుల మరణములను లెక్కించినవారు ఒక విచిత్రమును ప్రకటించిరి. పొగత్రాగువారు తక్కిన అనేక వ్యాధులతో ఎక్కువగా చనిపోవుచుండగా, పార్కిన్సన్ వ్యాధితో మాత్రము త్రాగనివారికంటె తక్కువగా చనిపోయిరి. మొదట లెక్కలో పొరపాటనుకొనిరి. తరువాత అనేక దేశములలో లెక్కించినను ఇదే ఫలము వచ్చెను.

కాఫీ సంగతి యింకను వింత. హవాయి ద్వీపమందలి హోనొలూలూలో జపానునుండి వచ్చి స్థిరపడిన కుటుంబముల పురుషులు ఎనిమిదివేలమందిని ముప్పదియేండ్లు వెంబడించి చూచిరి. 2000వ సంవత్సరమున వెలువడిన ఆ నివేదికనుబట్టి, కాఫీ యెన్నడును త్రాగనివారికి ఈ వ్యాధి వచ్చుట, మిక్కిలిగా త్రాగువారికి వచ్చుటకంటె అయిదు రెట్లు అధికము. స్త్రీలలో ఇంత స్పష్టమైన భేదము కనబడలేదని వేఱు పరిశీలనలు చెప్పుచున్నవి. ఆ హోనొలూలూ పురుషులలోనే పాలు మెండుగా త్రాగినవారికి ఈ వ్యాధి ఎక్కువగా వచ్చినదని మఱికొన్నియేండ్లకు ప్రకటించిరి. కాఫీ మాని పాలు త్రాగుడని మన పత్రికలు ఎంతకాలము బోధించినవి!

ఈ వార్తలు చదివినప్పుడు మాకు కలిగిన మొదటి భావము, ఈ సంగతి ఎవరికిని చెప్పకుండుటయే మేలని. చుట్టలవారికి ఇంతకంటె మంచి సాకు దొరకునా? తరువాత మాకే సిగ్గు వేసినది. మనకు అనుకూలమైన లెక్కనే నమ్మి, ప్రతికూలమైనదానిని దాచుట సంస్కరణము కాదు, పక్షపాతము. పొగాకు కంఠమును, ఊపిరితిత్తులను, గుండెను చెఱచునని నిరూపించినదియు ఇదే గణాంకశాస్త్రము. దానిని ఒకచోట నమ్మి మఱియొకచోట త్రోసివేయ వీలులేదు. కనుక ఈ లెక్క యొక్క లోతు తెలిసికొనవలెను.

ఆ లోతు తెలియుటకు ముందు వ్యాధి యెప్పుడు ప్రారంభమగునో తెలియవలెను. చేయి వణకిననాడు వ్యాధి పుట్టినదని మనమందుము. కాని ఆనాటికే నల్లపదార్థపు కణములలో సగమునకు అటునిటుగా నశించియుండును. జర్మనీదేశపు బ్రాక్ అను శాస్త్రజ్ఞుడు 2003లో, ఈ క్షీణత మెదడు క్రిందిభాగమునందును, వాసన పట్టు భాగమునందును ముందు మొదలై, తరువాత పైకి ప్రాకునని ప్రతిపాదించెను. రోగులందఱిలోను ఇదే క్రమము కనబడదుగాని, చాలమంది విషయమున సరిపోవుచున్నది. వణకు వచ్చుటకు పదేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువదియేండ్లు ముందే వాసన తెలియకపోవుట, మలబద్ధము, నిద్రలో కలవరించి కాలుచేతులు విసరుట కనబడును. దినమునకొక్కమారైన విరేచనము కానివారికి ఈ వ్యాధి రెండు రెట్లకు మించి వచ్చినదని హోనొలూలూవారే 2001లో లెక్కకట్టి చెప్పిరి. పార్కిన్సన్ వ్రాసిన మలబద్ధమునకు, బసవరాజు చెప్పిన నిద్రాభంగమునకు ఇన్నాళ్లకు అర్థము దొరకినది.

మా పంతులుగారి విషయమున ఈ సత్యమును మేము కన్నులార చూచితిమి. ఆ సభ జరిగిన రెండేండ్లకు మేము ఆయన పూర్వము ప్రధానోపాధ్యాయులుగా నుండిన పాఠశాలకే బదిలీయై పోయితిమి. బడులలో అన్ని కాగితములును చెదలుపాలైనను ప్రవేశపు రిజిస్టరు మాత్రము భద్రముగ నుండును. ఒకనాడు పుట్టినతేది ధ్రువపత్రమునకై పాత పుటలు తిరుగవేయుచుంటిమి. ప్రతి జూన్ నెలలోను చేరిన పిల్లల పేర్లు ఆయన స్వహస్తముతో వ్రాసినవి. మొదటి సంవత్సరముల దస్తూరి ముత్యములవలె నున్నది. ఒక్కొక్క యక్షరము గీతనుండి గీతవఱకు నిండుగా నున్నది. పదవీవిరమణకు అయిదాఱేండ్ల ముందటి పుటలలో అక్షరము కొంచెము కుదించుకొన్నది. ఆ తరువాతి పుటలలో పంక్తి మొదట బియ్యపుగింజంతటి యక్షరము పంక్తి చివరకు ఆవగింజంతయైనది. తలకట్టులు చుక్కలైనవి, ఒత్తులు కానరావు. కడపటి జూన్‌లో చేరిన పిల్లల పేర్లు చదువుటకు మేము కిటికీకడకు పోవలసివచ్చెను. ఇన్నేండ్లు తనిఖీకి వచ్చినవారెవరును దీనిని గమనింపలేదు. మేమును ఆయన మనకు కాపీపుస్తకములు దిద్దిన మనిషియని తెలిసియు, ముసలితనమున బద్ధకించి యుందురని యనుకొని ఉండెడివారము. వ్రాత క్రమముగ చిన్నదగుట ఈ వ్యాధి లక్షణములలో ముఖ్యమైనదని అప్పుడు మాకు తెలియదు.

ఇప్పుడు పొగ లెక్కకు తిరిగి వత్తము. 2014లో డెన్మార్కు దేశపు రోగులు సుమారు పదునెనిమిది వందలమందిని ప్రశ్నించి వ్రాసిన వ్యాసమొకటి వెలువడెను. ఈ వ్యాధి రాబోవువారు పొగత్రాగుట తక్కినవారికంటె సులువుగా మానివేయగలిగిరని అందు తేలెను. ఎందువలననగా, అలవాటు మనలను పట్టియుంచునది ఆ డోపమీను ద్రవ్యమే. అది తగ్గుచున్నవానికి చుట్టయందలి రుచియు తగ్గిపోవును. అనగా చుట్ట వ్యాధిని ఆపుచున్నదో, రానున్న వ్యాధియే చుట్టను మాన్పించుచున్నదో వేఱుచేయుట కష్టము. చుట్టయందలి నికోటినునే పట్టీలుగా రోగులకు అంటించి చేసిన పరీక్షయొక్క ఫలితము 2023లో ప్రకటింపబడినది. దానివలన వ్యాధి మందగింపలేదు. సంగతి యింతటితో తెగినదని యనరాదు, రక్షణ కొంత యున్నదని తలచు పండితులు నేటికిని కలరు. కాని చుట్ట కాల్చుటకు ఇది సాకు కాజాలదని చెప్పుటకు చాలును.

ఆ డెన్మార్కు వ్యాసము చదివినప్పుడు మాకొక సంగతి తళుక్కుమని జ్ఞప్తికి వచ్చి ముచ్చెమటలు పోసినవి. పంతులుగారు మొదట గట్టి చుట్టలవారు. మేము యువకులమై యుండగా చుట్ట మానుడని ఇల్లిల్లు తిరిగి చెప్పెడివారము. ఆయన ఒక్కనాడు, ఒక్కమాటలో మానివేసిరి. తిరిగి దాని మొగము చూడలేదు. మా బోధకు ఇంతటి శక్తి యున్నదా యని మేము ఉప్పొంగి, పది సభలలో ఆయన పేరు చెప్పుకొంటిమి. ఒకనాడు మేమే ఆయనను, ఎట్లు మానగలిగితిరని యడిగితిమి. "ఏమోనయ్యా, నాకే రుచించలేదు. వాసన కూడ తెలియకుండ పోయింది" అని నవ్విరి. మేమా మాటను వినయమనుకొంటిమి.

అలవాటులను గూర్చి ఇంతగా ప్రశ్నించిన లోకము పనిని గూర్చి అంతగా ప్రశ్నింపలేదు. మనిషి తానై యెన్నుకొన్నది అలవాటు. పొట్టకొఱకు చేయక తప్పనిది పని. గ్లాస్గోలో చలువపొడి తయారుచేయు కర్మాగారమున మాంగనీసు ఖనిజమును నూరు కూలీలు కాళ్లు తడబడి మాట తొట్రుపడుటను కూపర్ అను వైద్యుడు 1837లోనే వ్రాసెను. అది పార్కిన్సన్ వ్యాధికి దగ్గఱి చుట్టమేగాని అదియే కాదు. అయినను దుమ్ము పీల్చుటవలన నిట్టి రోగము రాగలదని తెలిపినది ఆ కూలీలే. మన దేశమున మాంగనీసు త్రవ్వకము 1892లో మొదలైనది మన విజయనగర ప్రాంతముననే యని చదువరులెఱుగుదురు.

1982లో కాలిఫోర్నియాలో కొందఱు యువకులు దొంగచాటుగా తయారైన మత్తుమందును సూదితో ఎక్కించుకొని, కొలదిదినములలోనే ముసలి రోగులవలె కొయ్యబాఱిపోయిరి. లాంగ్స్టన్ అను వైద్యుడు ఆ మందులో కలిసిన విషమును పట్టుకొనెను. అది శరీరమున చేరి మాఱిన రూపము, పొలములలో కలుపు చంపుటకు చల్లు పారాక్వాటు అను మందును పోలియున్నది. దానిని మన రైతులు గడ్డిమందందురు. అప్పటినుండి పరిశోధకుల దృష్టి పొలములవైపు తిరిగినది. దక్షిణామెరికా, ఆగ్నేయాసియా అడవిప్రజలు చేపలను మైకపఱచుటకు వాడిన వేళ్లనుండి తీసిన రోటెనోను అను పురుగుమందు ఎలుకలలో ఈ వ్యాధినే కలిగించునని 2000లో చూపిరి. పారాక్వాటును గాని రోటెనోనును గాని వాడిన వ్యవసాయకులకు వ్యాధి రెండున్నర రెట్లు అధికముగ వచ్చినదని 2011లో అమెరికాదేశమున లెక్కకట్టిరి. కాలిఫోర్నియా లోయలో పారాక్వాటును, మానెబు అను తెగులుమందును రెండును చల్లిన పొలములకు అయిదువందల మీటర్లలోపల నివసించువారికి ఈ వ్యాధి నూటికి డెబ్బదియైదు వంతులు ఎక్కువగ నున్నదట. వారు ఏ అలవాటు చేసినవారు? తమ యింటిలో తాము పండుకొనుటయే వారి అలవాటు. మన మిరపతోటలలో చల్లు మాంకోజెబు ఆ మానెబునకు తోబుట్టువే.

హోనొలూలూ పాల రహస్యమును కొంతవఱకు ఇక్కడనే విడినది. ఆ ద్వీపమున అనాసతోటలకు హెప్టాక్లోరు అను మందు చల్లి, ఆ యాకులను పశువులకు మేపిరి. విషము పాలలోనికి వచ్చినదని 1980వ దశకపు మొదట బయటపడెను. మరణించిన వృద్ధుల మెదడులను 2016లో పరీక్షించి చెప్పినప్పుడు, పొగత్రాగనివారిలో పాలు మిక్కిలిగ త్రాగినవారికి నల్లపదార్థపు కణములు తక్కువగ నుండుటయు, వారిలో అనేకుల మెదడులో ఆ విషపు అవశేషము దొరకుటయు కనబడెను. పాలు చేసిన పాపమేమియు లేకపోవచ్చును. పశువు తిన్న ఆకును అడుగవలెను.

పారాక్వాటును స్విట్జర్లాండు 1989లోనే నిషేధించినది. ఐరోపా సమాఖ్యలో 2007లో దాని యనుమతి రద్దైనది. పురుగుమందులతో పనిచేసిన వ్యవసాయకునికి పార్కిన్సన్ వ్యాధి వచ్చినచో, దానిని వృత్తిరోగముగ నెంచి పరిహారమీయవలెనని 2012లో ఫ్రాన్సు ప్రభుత్వము శాసించినది. అనగా ఆ దేశమున రోగి సంజాయిషీ చెప్పుకొనుట మాని, రోగికి సంజాయిషీ చెప్పుట మొదలైనది. ఇక్కడ మా మండలమున ప్రత్తి, మిరపచేలలో మొగమునకు తువాలుగుడ్డయైనను లేక గాలికెదురుగా మందు కొట్టువానిని దినము చూచుచున్నాము. చేతితోనే కలుపుదురు, ఆ చేతితోనే సద్దిమూట విప్పుదురు.

పంతులుగారికిని ఎకరమున్నర మిరపచేను కలదు. సెలవుదినములలో మందు తామే కొట్టుకొనెడివారు. అందువలననే వచ్చినదని మేము చెప్పము. మందు కొట్టినవారందఱికి రాలేదు, కొట్టనివారికి వచ్చినది. తల్లిదండ్రులనుండి సంక్రమించిన గుణము కొందఱిలో కలదు. తలకు దెబ్బతగులుట కొందఱిలో కలదు. వయస్సు అందఱిలో కలదు. ఒక్క మనిషి విషయమున ఇదియే కారణమని వ్రేలుపెట్టి చూపగల శాస్త్రము నేటికిని లేదు. కల్లును గూర్చి మాత్రము ఇంతకాలము వెదకినను, అది ఈ వ్యాధికి మూలమనుటకు తగిన సాక్ష్యము దొరకలేదు. త్రాగుబోతు వణకు వేఱు, ఈ వణకు వేఱు. త్రాగుడు మానినవాని చేయి గ్లాసు నెత్తబోవునప్పుడు వణకును. ఈ రోగి చేయి ఒడిలో ఊరకయున్నప్పుడు, వైద్యుడు బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ మాత్ర చుట్టునట్లు కదలును. గ్లాసు నందుకొనబోయినప్పుడు తగ్గును. ఇంత చిన్న భేదము తెలియక వేదికపై మేము చేయి చాచి చూపిన వణకు త్రాగుబోతుదే కాని, కండువా క్రింద దాగినది మఱియొకటి.

అలవాటులలో ఈ వ్యాధికి నిస్సందేహముగ హితవైనది వ్యాయామమొక్కటే. యౌవనమునందు కష్టించి దేహమును కదల్చినవారికి వ్యాధి తక్కువగ వచ్చుచున్నది. వచ్చినపిదపను నడకయు, కాలుచేతుల సాధనయు రోగికి బలమిచ్చును. తాత వణకుచున్నాడని మంచమునకు కట్టివేయు ప్రేమ మన యిండ్లలో మెండు. అది ప్రేమయే యగుగాక, రోగికి మాత్రము అపకారమే. కూర్చుండబెట్టినకొలది బిగుసుకొనిపోవును.

రిజిస్టరు చూచిన మఱునాటి సాయంకాలము మేము పంతులుగారి యింటికి పోయితిమి. సభలోని సంగతి యెత్తి క్షమింపుడని యడిగితిమి. మొగమునందు కదలిక తగ్గినందున ఆయన మనస్సు మాకు తెలియలేదు. ఇదియు వ్యాధి లక్షణమే. కోపమనుకొని బంధువులు కొందఱు రాకపోకలు మానిరట. కొంతసేపటికి మెల్లని గొంతుతో, "నీవు అన్నది నన్ను కాదులేవయ్యా. అయితే ఊరికి ఆ మాటే నిలిచింది" అనిరి.

ఆయన లోపలికి పోవలెనని లేచిరి. గడపకడ కాళ్లు నేలకంటుకొని కదలలేదు. అప్పుడు కోడలు వచ్చి, "మామయ్యగారూ, గీత చూడండి, గీత దాటండి" అన్నది. మేము నేలవైపు చూచితిమి. అరుగునుండి వంటింటివఱకు అడుగడుగునకు అడ్డముగ ముగ్గుపిండితో గీతలు గీచియున్నవి. నేలమీది గీతలు చూచి ఇట్టి రోగులు అడుగు వేయగలరని ఇంగ్లండులో పర్డన్ మార్టిన్ అను వైద్యుడు వ్రాసియున్నాడు. ఆ తల్లి అతని పేరు విన్నది కాదు. పండుగనాడు ముగ్గు దాటబోయి మామగారు చకచక నడచుట చూచి, తానే కనిపెట్టి, నాటినుండి ఉదయముననే వాకిట ముగ్గుతోబాటు లోపల ఈ గీతలు కూడ వేయుచున్నదట. పంతులుగారు ఒక్కొక్క గీతను చూచుచు, ఒక్కొక్క గీతను దాటుచు, మేము వెనుక నడచుచుండగా వంటింటివఱకు పోయిరి. కోడలు మాకిరువురకును కాఫీ తెచ్చి యిచ్చినది. ఆయన గ్లాసు నందుకొన్నప్పుడు చేయి వణకలేదు.